అనుభవం: పద్దెనిమిదేళ్ళు

"మా గిరిజ ఉంది కదండీ, చేసేస్తుంది లెండి. తనకదో పెద్ద పనా!"

దొండకాయలు చీరుతున్న నా చేయి ఆగింది. హాల్లో మా ఆయన దివాకర్ ఫోన్లో ఎవరికో మాటిచ్చేస్తున్నారు. ఎవరికిచ్చారో, ఏమని ఇచ్చారో ఆయన వంటింట్లోకి వచ్చి చెప్పేదాకా నాకు తెలియదు. మా స్నేహితురాలు అంకిత వాళ్ళమ్మాయికి హాఫ్ శారీ ఫంక్షనట. స్టేజీ వెనక పదహారు అడుగుల బ్యాక్‌డ్రాప్ కావాలట. తామరకొలను, హంసలు, మధ్యలో పాప పేరు.

"నెల టైముంది. రెండు వీకెండ్స్ కూర్చుంటే అయిపోతుంది నీకు," అన్నారు, గిన్నెలో వేయించి పెట్టిన పల్లీలు నాలుగు నోట్లో వేసుకుంటూ.

"నన్నొక మాట అడిగి చెప్పాల్సింది."

"అడగడానికేముంది? నువ్వెలాగూ ఏవో బొమ్మలు వేస్తూనే ఉంటావుగా."

అందులో అబద్ధం లేదు. అమెరికాలో మేముండే అరోరాలో తెలుగువాళ్ళ ఇళ్ళలో ఏ బారసాల జరిగినా, ఏ గృహప్రవేశం జరిగినా వెనకున్న గుడ్డ మీద నా బొమ్మే ఉంటుంది. ఆ ఫొటోలన్నీ ఫోన్లలో తిరుగుతాయి. అందరి తలల మధ్యా నా తామరలు కాస్త కాస్త తొంగి చూస్తుంటాయి. ఫంక్షనయ్యాక ఎవరో ఒకరు నా ప్లేటులో ఇంకో లడ్డూ వేసి, "నీ చేతిలో మేజిక్ ఉంది గిరిజా" అంటారు. ఇంటికొచ్చేటప్పుడు ఆ గుడ్డ చుట్టచుట్టి డిక్కీలో పడుంటుంది. 'క్రియేటివ్' అన్నారు, 'ఓపిక' అన్నారు, 'టైంపాస్' అన్నారు. ఇన్నేళ్ళలో ఆర్టిస్టు అన్నవాళ్ళు మాత్రం ఒక్కరూ లేరు. ఎవరినో ఎందుకు అనాలి? నేనూ అనుకోలేదు.

విశాఖపట్నంలో ఫైన్ ఆర్ట్స్ చదివాను నేను, నాలుగేళ్ళు. చెక్క మీద ఉలితో చెక్కి, సిరా పూసి, కాగితం పరిచి అచ్చు తీసే పని నాది. మా మాస్టారు మల్లికార్జునరావుగారు నా చెక్క మీద వేలితో తడుముతూ, "నీ గీత బెదరదమ్మా" అనేవారు. తర్వాత మూడేళ్ళు ఒక స్కూల్లో డ్రాయింగ్ చెప్పాను. పెళ్ళిచూపుల్లో నా అచ్చులు చూపిస్తే మా అత్తగారు చాముండేశ్వరిగారు చేతిలోకి తీసుకుని చూసి, "బొమ్మలేస్తుందన్నమాట. మంచిదే, ఇల్లు అందంగా ఉంచుతుంది," అన్నారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఇరవై అయిదేళ్ళ పిల్లని, అది పొగడ్త అనుకున్నాను.

ఇక్కడికొచ్చాక నా వీసా కాగితం మీద 'డిపెండెంట్' అని రాసి ఉండేది. ఉద్యోగం చేయకూడదు. అనుష్క పుట్టింది. దానికి నాలుగేళ్ళప్పుడు నేను డ్రైవింగ్ నేర్చుకున్నాను. అక్కడినుంచి నా జీవితం ఎక్కువగా ఆగి ఉన్న కారులో గడిచింది. స్కూలు బయట, డాన్స్ క్లాసు బయట, లెక్కల ట్యూషన్ బయట, దివాకర్ ఆఫీసు పార్కింగులో, ఓహేర్ ఎయిర్‌పోర్టులో ఫోన్ కోసం ఎదురుచూస్తూ. ఇంట్లో ఒక్కదాన్నీ కూర్చుంటే ఎవరో ఒకరు ఏదో ఒకటి అడుగుతారు. కారులో కూర్చుంటే అడగరు, ఎందుకంటే అప్పుడు నేను వాళ్ళ పని మీదే ఉన్నాను. ఒకరోజు సీటు పక్క దొరికిన నోటుబుక్కులో, పక్క కారులో స్టీరింగ్ మీద తల ఆనించి కూర్చున్న ఒకావిడని గీశాను. మర్నాడు ఇంకొకావిడని. అలా అలవాటైంది. పుస్తకం నిండితే ఇంకోటి కొనేదాన్ని. నిండినవి బేస్‌మెంట్లో అట్టపెట్టెలో పడేసేదాన్ని. ఎవరికీ చూపించాలనిపించలేదు.

తర్వాత వర్క్ పర్మిట్ వచ్చింది. ఒక క్రాఫ్ట్ స్టోర్లో పటాలకు ఫ్రేములు కట్టే కౌంటర్లో పార్ట్ టైమ్ ఉద్యోగం దొరికింది. ఇతరులు వేసిన బొమ్మలకి నేను అంచులు కట్టేదాన్ని. ఒకసారి ఒకావిడ తన కూతురి వాటర్‌కలర్ తెచ్చి, నేను ఒక రంగు అంచు సూచిస్తే, నా భుజం మీదుగా లోపలికి చూస్తూ, "ఆర్ట్ గురించి తెలిసినవాళ్ళెవరైనా ఉన్నారా లోపల?" అని అడిగింది. "మేనేజర్‌ని పిలుస్తానుండండి" అన్నాను. మా మేనేజర్ కుర్రాడు కిందటి నెలదాకా కుక్కల తిండి అమ్మే షాపులో పనిచేశాడు. అతను వచ్చి నేను చెప్పిన రంగే చెప్పాడు. ఆవిడ సంతోషంగా వెళ్ళింది. ఆ సాయంత్రం నేనొక ఉలుల సెట్టు కొనుక్కున్నాను. ఉక్రోషంతో కొన్నానని ఒప్పుకుంటాను.

అది మూడేళ్ళ కిందటి మాట. బేస్‌మెంట్లో వాషింగ్ మెషీన్ పక్కన బల్ల వేసుకుని, నోటుబుక్కుల్లోని ఆడవాళ్ళని చెక్క మీదికి ఎక్కించడం మొదలుపెట్టాను. ప్రెస్సు లేదు కాబట్టి కాగితం వెనక చెక్క గరిటెతో రుద్ది అచ్చు తీసేదాన్ని. కొన్ని బాగా వచ్చాయి. బాగా వచ్చినవి ఇంకెవరైనా చూస్తే బాగుండునన్న ఆశ పుట్టింది. అప్లికేషన్లు పెట్టాను, మూడు. మూడూ తిరిగొచ్చాయి. మొదటిది ఊరి ఆర్ట్ ఫెయిర్. రెండోది ఒక గ్యాలరీలో షో. దాని విషయం 'నీళ్ళు' అని పేజీ మొదట్లోనే రాసుంటే, సరిగ్గా చదవకుండా కార్లలో ఆడవాళ్ళని పంపాను. మూడోది మిషిగన్‌లో లేక్ సుపీరియర్ ఒడ్డునున్న ఒక ప్రింట్ స్టూడియో రెసిడెన్సీ. సెప్టెంబరులో నాలుగు వారాలు అక్కడ ఉండి, వాళ్ళ ప్రెస్సుల మీద మన పని మనం చేసుకోవచ్చు. మనకో గది, మనకో బల్ల. భోజనం వాళ్ళే పెడతారు. ఆ మాట మూడుసార్లు చదివాను, భోజనం వాళ్ళే పెడతారు.

ఆ ఫారం దివాకరే నింపారు, టాక్సులు ఫైల్ చేసినట్టు చకచకా. రాలేదని తెలిశాక నా భుజం తట్టి, "వాళ్ళకి వాళ్ళ మనుషులుంటారు గిరిజా. దీనికింత ఫీలవ్వక్కర్లేదు," అన్నారు. ఆయన దుర్మార్గుడేం కాదు. నా బాధ తొందరగా అయిపోవాలని మాత్రమే ఆయన కోరిక, టీవీలో యాడ్ అయిపోవాలని కోరుకున్నట్టు.

దొండకాయలు తరిగిన రోజు మధ్యాహ్నమే ఆ స్టూడియో నుంచి మెయిలొచ్చింది. ఈ ఏడాది అప్లికేషన్లు తెరిచారు. గడువు నెల రోజులు. కింద ఒక వాక్యం ఉంది. కిందటేడు దరఖాస్తు చేసినవారు ఎందుకు ఎంపిక కాలేదో తెలుసుకోవాలంటే ఫోన్ చేయవచ్చు.

"కాల్ చెయ్ అమ్మా," అంది అనుష్క, నా భుజం మీదినుంచి చదివి. పదిహేనేళ్ళది, అమెరికా యాసలో తెలుగు మాట్లాడుతుంది.

"ఫెయిలైనవాళ్ళు ఎందుకు ఫెయిలయ్యామని ఫోన్ చేసి అడుగుతారుటే?"

"వాళ్ళే చెప్పారు కదా, అడగొచ్చని. లిటరల్లీ రాశారు. సిగ్గు ఎందుకు?"

సిగ్గు ఎందుకో దానికి ఎలా చెప్పాలో తెలియలేదు. మా ఊళ్ళో తప్పిన సబ్జెక్టు గురించి ఎవరూ ఎత్తరు, అదొక మర్యాద. మర్నాడు లంచ్ బ్రేకులో కారులో కూర్చుని, అద్దాలన్నీ ఎక్కించి, ఫోన్ చేశాను. డయాన్ అని ఒకావిడ తీసింది. పెద్దావిడ గొంతు. నా పేరు చెప్పగానే కాగితాలు తిప్పిన చప్పుడు. ఆమె ఇంగ్లీషులో చెప్పిందంతా నాకు ఇప్పటికీ తెలుగులోనే గుర్తుంది.

"చూడండి, మా ప్యానెల్లో అయిదుగురుంటారు. రెండు వందల పైచిలుకు అప్లికేషన్లు. మొదటి రౌండులో ఒక్కోదానికి రెండు మూడు నిమిషాలు దొరికితే గొప్ప. మీ ఫొటోలు చీకటిగా ఉన్నాయి. మూడోదాంట్లో వాషింగ్ మెషీన్ కనిపిస్తోంది. సైజులు రాయలేదు, అచ్చు అరచేయంత ఉందో తలుపంత ఉందో మాకు తెలియలేదు. మీ స్టేట్‌మెంట్ చదివితే ఇవి దేని గురించిన బొమ్మలో అర్థం కాలేదు. 'కళ పట్ల అభిరుచి గల గృహిణిని' అని ఉంది. ఆ తర్వాత అనుభవం రెండేళ్ళు అని రాశారు. కాబట్టి మిమ్మల్ని కొత్తగా మొదలుపెట్టినవాళ్ళ వరసలో వేశాం. అక్కడ అందరూ కాలేజీ పిల్లలు, వాళ్ళ మధ్య మీ పని వింతగా కనబడింది."

కిందటేడు ఫారం నింపుతూ దివాకర్ ఆ గడి దగ్గర ఆగి, "ఎక్స్‌పీరియెన్స్ ఎన్నేళ్ళు వేద్దాం?" అని నన్నే అడిగారు. "రెండు" అని చెప్పింది నేనే. ఉలులు కొన్న రోజునుంచి లెక్కేశాను.

"ఇంకో మాట," అంది డయాన్. "మా ప్యానెల్లో ఒకరికి మీ రెండో బొమ్మ గుర్తుండిపోయింది. వానలో కారులో కూర్చున్న ఆవిడ. ఇలాంటివి ఇంకా ఉన్నాయా అని అడిగారు. ఉన్నాయా?"

"ఉన్నాయి."

"ఎన్ని?"

తెలియదు నాకు. ఎప్పుడూ చూసుకోలేదు. "మళ్ళీ అప్లై చేయండి," అంది ఆమె. "మళ్ళీ వచ్చినవాళ్ళని మేం గుర్తుపడతాం. అది మంచికే."

ఆ సాయంత్రం ఇంటికెళ్ళి చెప్పులు కూడా విప్పకుండా బేస్‌మెంట్లోకి దిగాను. అట్టపెట్టె తెరిచాను. ముప్ఫై ఏడు పుస్తకాలు. నేల మీద వరసగా పరిచాను. మొదటి పుస్తకంలో గీత వణుకుతూ ఉంది, చాలాకాలం మంచాన ఉండి లేచిన మనిషి నడకలా. అయిదో పుస్తకానికి నిలబడింది. పన్నెండో దానికి వచ్చేసరికి ఆడవాళ్ళు నిజంగా ఊపిరి పీల్చుతున్నారు. ఒకావిడ అద్దంలో చూసుకుంటూ తెల్లవెంట్రుక పీకేసుకుంటోంది. ఒకావిడ ఒళ్ళో డబ్బా పెట్టుకుని చల్లారిన పులిహోర తింటోంది. బురఖా వేసుకున్న ఒకావిడ ఫోన్లో ఏదో చూసి పగలబడి నవ్వుతోంది. పదకొండేళ్ళు నేను ఖాళీగా ఉన్నానని అందరూ అనుకున్నారు, నాతో సహా. కాలేజీ నాలుగు, స్కూలు మూడు, ఇవి పదకొండు. పద్దెనిమిదేళ్ళు. గట్టిగా పైకి అన్నాను ఆ అంకెని. డ్రయ్యరు తప్ప విన్నవాళ్ళెవరూ లేరు.

ఆ నెలంతా రెండు పనులు పక్కపక్కన నడిచాయి. సాయంత్రాలు గరాజులో గుడ్డ పరిచి అంకిత వాళ్ళ హంసలు వేశాను. పగళ్ళు, షిఫ్టు లేనప్పుడు, నా అప్లికేషను. ఈసారి వాళ్ళ పేజీని పరీక్షకి చదివినట్టు చదివాను. ఏం అడిగారో అదే ఇవ్వాలి, ఎన్ని అడిగితే అన్నే ఇవ్వాలి. పది బొమ్మలన్నారు. ముప్ఫై అచ్చులున్న దగ్గర పది ఏరడం నాకు చెక్కడం కంటే కష్టమైంది. ఏది బాగుందని కాదు, దేని పక్కన ఏది ఉంటే బాగుందని చూడాలని నాకు నేనే నేర్చుకున్నాను. వానలో ఆవిడని మొదట పెట్టాను. మబ్బు పట్టిన ఒక ఆదివారం గరాజు తలుపు పైకెత్తి, అచ్చులు ఒక్కొక్కటీ తెల్ల అట్ట మీద నిలబెట్టి ఫొటోలు తీశాను. ఎండలో నీడలు పడతాయి, లోపల పసుపు లైటు పడుతుంది, మబ్బు వెలుగే మేలు. అనుష్క అట్ట కదలకుండా పట్టుకుంది. ఒక్కోదాని కిందా పేరు, సైజు, ఏడాది రాశాను.

సిఫారసు ఉత్తరం ఒకటి కావాలన్నారు. పదిహేడేళ్ళుగా మాట్లాడని మాస్టారికి వాట్సాప్‌లో ఫొటోలు పంపి, సంకోచిస్తూ రెండు ముక్కలు రాశాను. గడువెప్పుడో, ఆ రెసిడెన్సీ ఏమిటో, ఆయన ఏయే విషయాలు రాస్తే బాగుంటుందో కూడా రాశాను. ఆయనకి పని తేలిక చేయాలని. మర్నాడు వాయిస్ మెసేజ్ వచ్చింది. వణుకుతున్న గొంతు. "గిరిజా, ఇన్నాళ్ళూ ఎక్కడున్నావమ్మా అని అడగను. బొమ్మలు చూస్తే తెలుస్తోంది. ఉత్తరం ఎల్లుండికి పంపుతాను. ఇంగ్లీషు తప్పులుంటే నువ్వు దిద్దకు, అలాగే పంపు." అది నాలుగుసార్లు విన్నాను.

స్టేట్‌మెంట్ దగ్గర మాత్రం కూలబడ్డాను. మూడు రోజులు రాసి కొట్టేశాను. దివాకర్ చూసి, "ఇలా ఉంటే స్ట్రాంగ్‌గా ఉండదు," అని ఏదో మార్చి ఇచ్చారు. చదివితే అది ఏదో కంపెనీ గురించినట్టుంది. బాగా రాసిన ఇంగ్లీషే, కానీ అందులో ఒక్క ఆడమనిషీ లేదు, ఒక్క కారూ లేదు.

అప్పుడు మా అత్తగారు మా ఇంట్లోనే ఉన్నారు, రాజమండ్రి నుంచి ఆర్నెల్లకి వచ్చి. ఆ మధ్యాహ్నం డైనింగ్ టేబుల్ మీద ఫొటోలు పరుచుకుని తల పట్టుకుని కూర్చుంటే, ఆవిడ కరివేపాకు దూస్తూ వచ్చి ఎదురుగా కూర్చున్నారు. ఈ రెండు నెలల్లో ఆవిడ నా బొమ్మల గురించి అన్న మాట ఒక్కటే, "బేస్‌మెంట్లో ఆ సిరా వాసన బట్టలకి పడుతోందమ్మాయ్." ఆ రోజు కళ్ళజోడు సర్దుకుని ఒక ఫొటో దగ్గరగా పెట్టుకున్నారు.

"ఏమిటమ్మాయ్ ఇవన్నీ? ఎవరు వీళ్ళంతా?"

విసుగ్గా ఉన్నాను కాబట్టి అలంకారాలేం తోచలేదు. "కార్లలో కూర్చున్న ఆడవాళ్ళండీ అత్తయ్యగారూ. ఎవరికోసమో వచ్చి, వాళ్ళు బయటికొచ్చేదాకా కూర్చున్నవాళ్ళు. ఇంజన్ ఆపేసి ఉంటుంది. ఆ పావుగంటా వాళ్ళని ఎవరూ ఏమీ అడగరు. వాళ్ళని ఎవరూ చూడరు కూడా. ఎవరూ చూడనప్పుడు ఆడదాని మొహం ఎలా ఉంటుందో, అది వేశాను. నేనూ వాళ్ళ పక్క కారులోనే కూర్చుని ఉన్నాను కాబట్టి నాకు కనబడింది."

ఆవిడ కరివేపాకు దూయడం ఆపారు. రెమ్మ చేతిలోనే ఉంది.

"మీ మామగారు క్లబ్బులో పేకాటకి వెళ్తే నన్ను రిక్షాలో బయట కూర్చోబెట్టేవారు," అన్నారు చివరికి. "అయిదు నిమిషాల్లో వస్తానని. దివాకరు ఒళ్ళో ఉండేవాడు. గంట, గంటన్నర. రిక్షాకి అద్దాలు కూడా ఉండవాయె, దారిన పోయేవాళ్ళంతా చూసేవాళ్ళు." ఫొటో జాగ్రత్తగా టేబుల్ మీద పెట్టి, అంచు సరిచేశారు. "ఈవిడ మొహం బాగా వచ్చింది."

సోఫాలోంచి అనుష్క ఫోన్ ఎత్తి చూపించింది. "అమ్మా, నువ్వు బామ్మకి చెప్పావు కదా, అది నేను రికార్డ్ చేశా. అదే పెట్టు. డాడీది కంటే చాలా బెటర్ ఉంది."

ఇద్దరం కూర్చుని ఆ తెలుగుని ఇంగ్లీషులోకి మార్చాం, మాటకి మాట కాకుండా ఊపిరికి ఊపిరి. వాళ్ళిచ్చిన జాగాలో సగం కూడా నిండలేదు. అంతే చాలనిపించింది. అనుభవం దగ్గర పద్దెనిమిది అని నేనే కొట్టాను.

గడువు శుక్రవారం. శనివారం అంకిత వాళ్ళ ఫంక్షను. శుక్రవారం సాయంత్రం అయిదింటిలోగా అప్లికేషను పంపేసి, ఆరింటికి హాలుకి వెళ్ళి బ్యాక్‌డ్రాప్ కట్టేద్దామనుకున్నాను. మధ్యాహ్నం కంప్యూటర్ ముందు కూర్చుని ఇంకోసారి పేజీ చదివితే, అయిదు గంటలన్నది ఈస్టర్న్ టైమని చిన్న అక్షరాల్లో ఉంది. అంటే మాకు నాలుగే. రెండున్నరకి బొమ్మలు ఎక్కించబోతే, ఫైళ్ళు పెద్దవిగా ఉన్నాయని సైటు వెనక్కి కొట్టింది. ఒక్కొక్కటీ చిన్నది చేస్తున్నాను. అప్పుడు ఫోన్ మోగింది. అంకిత.

"గిరిజా, హాల్ వాళ్ళు మూడింటికే తాళాలిస్తారంట. ఇప్పుడే వచ్చేసెయ్, ప్లీజ్. ఫ్లవర్స్ వాళ్ళు నీ బ్యాక్‌డ్రాప్ కట్టాకే చేస్తారంట."

స్క్రీన్ మీద నాలుగో బొమ్మ ఎక్కుతోంది. ఎన్నిసార్లు ఇలాంటి ఫోన్ వస్తే నేను స్టవ్ ఆపేసి, నిద్రపోతున్న పిల్లని ఎత్తుకుని, చేతిలో పని వదిలేసి పరిగెత్తాను! నోట్లో 'వస్తున్నా' అన్న మాట తయారుగా ఉంది. అది రావడానికి ఆలోచన కూడా అక్కర్లేదు.

"నేను రాలేను అంకితా. నాలుగింటికి నాదొక డెడ్‌లైన్ ఉంది."

"డెడ్‌లైనా? నీకా?" ఆమె నిజంగానే ఆశ్చర్యపోయింది, వెక్కిరించలేదు.

"అవును, నాకే. గుడ్డ రెడీగా ఉంది, గరాజులో చుట్టి పెట్టాను. ఎలా కట్టాలో కాగితం మీద గీసి దానికే పిన్ను పెట్టాను. దివాకర్ గారు తెచ్చి కడతారు. మీకు మాటిచ్చింది ఆయనే కదా."

ఆయనకి ఫోన్ చేసి అదే చెప్పాను. "నాకు మీటింగ్ ఉంది గిరిజా!" అన్నారు. "నాకూ పనుందండీ," అని పెట్టేశాను. అయిదోది, ఆరోది, అలా పదీ ఎక్కించాను. మూడు గంటల నలభై ఏడు నిమిషాలకి 'అందింది' అని స్క్రీన్ మీద వచ్చింది. లేచి మంచినీళ్ళు తాగాను, గ్లాసు నిండా.

దివాకర్ మీటింగు వదిలేసి వెళ్ళి కట్టారు. మర్నాడు ఫంక్షనులో చూస్తే ఎడమవైపు రెండంగుళాలు కిందికి దిగి ఉంది, హంస కొంచెం మునిగినట్టుంది. ఎవరూ గమనించలేదు. ఇంటికొచ్చేటప్పుడు ఆయన మొహం ముడుచుకునే ఉన్నారు. "నిచ్చెనెక్కి ఆ క్లిప్పులు పెట్టేసరికి నడుం పడిపోయింది. ఇదంతా ఒక్కదానివే ఎలా చేస్తున్నావు ఇన్నాళ్ళూ?" అన్నారు. కోపంగానే అన్నారు. కానీ ఇన్నేళ్ళలో నన్ను ఆ ప్రశ్న అడగడం అదే మొదటిసారి.

జూన్‌లో జవాబొచ్చింది. ఫ్రేముల కౌంటర్లో నిలబడి ఉన్నాను. ఆరుగురిని ఎంపిక చేశారు, అందులో నేనొకదాన్ని. కింద డయాన్ తన మాటగా ఒక వాక్యం రాసింది. 'ఈసారి మీరెవరో మాకు కనబడ్డారు.' స్టోర్ రూములోకి వెళ్ళి, అట్టల మధ్య నిలబడి, నోటికి చేయి అడ్డం పెట్టుకుని నవ్వాను.

ఇంట్లో చెబితే అనుష్క కేక పెట్టి కౌగిలించుకుంది. దివాకర్ "వావ్, కంగ్రాట్స్" అన్నారు. నిజంగానే కళ్ళు వెడల్పయ్యాయి. ఒక నిమిషం తర్వాత, "సెప్టెంబర్ అంటే ఆఫీసులో మా ప్రాజెక్ట్ గో-లైవ్. అనుకి స్కూల్. నెక్స్ట్ ఇయర్‌కి డిఫర్ చేస్తారేమో అడగరాదూ?" అన్నారు.

"అడగను," అన్నాను.

"పోనీ అమ్మ టికెట్ పొడిగిద్దాం. ఆగస్టులో వెళ్ళే బదులు అక్టోబర్‌లో వెళ్తుంది."

మా అత్తగారు తలూపారు, "దానికేముందిరా, నేనుండి వండిపెడతాను," అని. ఆవిడ మంచితనంతోనే అన్నారు. నేను ఆవిడ పక్కన కూర్చున్నాను. "వద్దండీ. మీకు అక్కడ మీ స్నేహితురాళ్ళతో కాశీ ప్రయాణం ఉంది కదా సెప్టెంబరులో. మూడు నెలల్నించి చెబుతున్నారు. మీరు వెళ్ళండి." ఆవిడ నా వంక చూసి, కొడుకు వంక చూసి, "అవునురా, డబ్బు కూడా కట్టేశాను," అన్నారు నెమ్మదిగా, ఆ మాట అనడానికి తనకి హక్కుందో లేదో చూసుకుంటున్నట్టు. ఆ రాత్రే అంగీకార పత్రం నింపి పంపేశాను.

ఆగస్టు చివర ఆవిడ రాజమండ్రి వెళ్ళిపోయారు. నేను బయల్దేరే రోజు దగ్గరపడేకొద్దీ స్నేహితురాళ్ళ సలహాలు మొదలయ్యాయి. పులుసులు వండి డబ్బాల్లో ఫ్రీజ్ చేయి, మీద తారీఖులు అంటించు. చపాతీలు సగం కాల్చి పెట్టు. అంకిత అయితే, "నువ్వు వర్రీ అవ్వకు, అన్నయ్యకి మేం వంతులేసుకుని క్యారేజీ పంపిస్తాం," అంది. అందరికీ థాంక్స్ చెప్పాను. వద్దని కూడా చెప్పాను. ఒక ఆదివారం ఉల్లిపాయల సంచీ ముందేసుకుని పీట మీద కూర్చున్నాను, అలవాటు అలాంటిది. నాలుగు తరిగి ఆగాను. నేను లేని నాలుగు వారాలు కూడా నేనే వండితే, నేను వెళ్ళినట్టు ఎలా అవుతుంది? ఆ నాలుగు ఉల్లిపాయలతో ఆ పూటకి పకోడీలు వేసి, ముగ్గురం వేడివేడిగా తిన్నాం.

వెళ్ళే రోజు పొద్దున్న చెక్కలు, ఉలులు, కాగితాల చుట్టలు అన్నీ సర్దుకున్నాను. దివాకర్ ఫ్రీజర్ తలుపు తీసి చూశారు. బఠాణీల పొట్లం, ఐసు ట్రేలు.

"ఏమీ లేదేంటి?"

"లేదండీ."

"పోనీ ఫ్రిజ్ మీద లిస్టేమైనా పెట్టావా? అను క్లాసుల టైమింగ్స్, చెత్త ఏ రోజు పెట్టాలి, తన మందులు ఎక్కడుంటాయి…"

"పెట్టలేదు."

"మరి నాకెలా తెలుస్తుంది గిరిజా?"

వెటకారం లేకుండా, నిజంగా ఆయనకి ఉపయోగపడాలనే చెప్పాను. "నాకెలా తెలిసిందో, మీకూ అలాగే తెలుస్తుంది."

తెరిచి ఉన్న ఫ్రీజర్‌లోంచి చల్లటి పొగ ఆయన చేతుల మీదుగా జారింది. తర్వాత తలుపు మూసి, డ్రాయర్లో వెతికి ఒక పెన్ను తీసుకుని, మెట్ల దగ్గరికి వెళ్ళి పిలిచారు. నన్ను కాదు.

"అనూ, ఒకసారి కిందికి రామ్మా. నీ క్లాసులు ఎప్పుడెప్పుడో చెప్పు, రాసుకుంటాను."

నేను వంగి బూట్ల లేసులు బిగించి కట్టుకున్నాను.